ఎనిమిది గంటల అప్పగింత

డ్యూటీ చార్టు వేసే డాక్టరుకి ఆస్పత్రిలో అందరూ నవ్వుతూ నమస్కారం పెడతారు. ఆ నవ్వు వెనక ఏముంటుందో అతనికి బాగా తెలుసు. ఒకరికి ఆదివారం సెలవు కావాలి, ఇంకొకరికి రాత్రి డ్యూటీ వద్దు. మరొకరికి ఆదివారమూ కావాలి, రాత్రీ వద్దు, పైగా తాను అడిగినట్టు మిగతావాళ్లకి తెలియకూడదు. ఇందరి మనసులూ నొప్పించకుండా గళ్లు నింపీ నింపీ మన డాక్టరుకి ముప్పై రెండేళ్లకే కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. క్యాజువాలిటీలో అతన్ని అందరూ చార్టు డాక్టరు అనేవారు. ఆ పేరు మీద అతనికి కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

నెలాఖరున రంగు పెన్సిళ్లు ముందేసుకుని కూర్చుని, ఎవరికీ అన్యాయం జరగకుండా లెక్క కుదిర్చి, కాగితం గోడకి అంటించి, వెనక్కి జరిగి చూసుకోవడమంటే అతనికి మహా ఇష్టం. సరిగ్గా అలా చూసుకుంటున్న ఒక వానాకాలం పొద్దున, నీళ్లు కారుతున్న జుట్టుతో, భుజాన తనంత సంచితో ఒక అమ్మాయి లోపలికి వచ్చింది.

"ఇక్కడ చార్టు వేసేది ఎవరండీ?"

తనేనన్నాడు. కొత్తగా చేరిన షిఫ్టు డాక్టర్నని చెప్పి ఆమె సంచి దించింది. ఆమె మూలుగుతున్న పేషెంట్లని ఒకసారి కలయజూసి, గోడ మీది చార్టుని ఇంకా శ్రద్ధగా చూసి, తన కోరిక బయటపెట్టింది.

"నాకు రెండు నెలలు వరసగా డ్యూటీలు వేసెయ్యండి. రాత్రులు, ఆదివారాలు, ఎవరూ వద్దన్నవన్నీ నాకే ఇవ్వండి. ఆ తర్వాత నెలన్నర మాత్రం నన్ను పిలవకూడదు."

"చార్టు అంటించేశానండి."

"జిగురు ఇంకా ఆరలేదుగా" అంటూ ఆమె ఒక మూల పట్టుకుని మెల్లగా లాగింది. చేతి తడికి ఎరుపూ పచ్చా కలిసిపోయి, నాలుగు సాయంత్రాల కష్టం అతని కళ్లముందే కాలువలు కట్టింది. ఆమె నాలుక కరుచుకుంది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనే సిరంజిలు సర్దుతున్న పెద్ద సిస్టర్ మాత్రం, రాత్రి డ్యూటీలన్నీ చేస్తాననే మనిషి దొరికితే చార్టు పోతే పోయిందిలెండి అని సర్దిచెప్పింది.

ఆమె పద్ధతి అదేనట. చదువు అయినప్పటి నుంచీ ఏ ఆస్పత్రిలోనూ రోజూ వెళ్లి రోజూ వచ్చే ఉద్యోగం చేయలేదు. కొన్నాళ్లు ఒళ్లు దాచుకోకుండా పని చేయడం, తర్వాత సంచి భుజాన వేసుకుని కొండలో, దీవులో, ఎడారులో తిరగడం. డాక్టర్ల కొరతతో సతమతమవుతున్న సూపరింటెండెంటు గారు ఏ షరతుకైనా సరేనన్నారు. ఆస్పత్రి వెనక క్వార్టర్సులో ఒక గది ఇచ్చారు. ఆ గదిలో ఆమె సంచి ఎప్పుడూ సగం కట్టే ఉంటుందని పెద్ద సిస్టర్ వచ్చి చెప్పింది. సంచి డాక్టరు అనే పేరు వారం తిరక్కుండానే స్థిరపడిపోయింది. కాళ్లకి చక్రాలు కట్టుకున్న మనిషితో మనకెందుకు అనుకున్నాడు చార్టు డాక్టరు. అలా అనుకుంటూనే ఆమె రాత్రులకి ఎదురుగా తన పగళ్లు వేసుకున్నాడు. లెక్క అలా కుదిరింది మరి.

ఆ క్యాజువాలిటీలో ఒక నియమం ఉంది. పెద్ద సిస్టర్ పెట్టిన నియమం కాబట్టి సూపరింటెండెంటు గారికి కూడా మినహాయింపు లేదు. పొద్దున ఎనిమిదింటికీ, సాయంత్రం ఎనిమిదింటికీ దిగే డాక్టరు ఎక్కే డాక్టరుకి ఒక్కో బెడ్ దగ్గరా నిలబడి పేషెంటుని అప్పగించాలి. వయసు, బాధ, చేసిన వైద్యం, చేయాల్సిన వైద్యం. అంతా విని అడగాల్సినవి అడిగాక, ఎక్కే డాక్టరు "తీసుకున్నాను" అని నోటితో అనాలి. ఆ మాట వినేదాకా దిగే డాక్టరు ఒంటి మీది తెల్లకోటు విప్పడానికి వీల్లేదు. ఎంత నిద్ర ముంచుకొస్తున్నా, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నా సరే.

మిగతా డాక్టర్లు ఆరు బెడ్లనీ ఒక్క గుక్కలో అప్పగించేసేవాళ్లు. ఆమె అలా కాదు. రెండో రోజే అతనికి ఆ సంగతి తెలిసింది.

"మూడో బెడ్. డెబ్భై ఏళ్లు, లెక్కల మాస్టారు, ఆయాసం. ఆక్సిజన్ పెట్టాం, ఇప్పుడు నయం. మాస్కు తీసి పారేస్తుంటారు. తిట్టకండి. పదమూడో ఎక్కం చెప్పమనండి. సగంలో ఊపిరి చాలక ఆయనే పెట్టేసుకుంటారు."

అతను నవ్వు ఆపుకుని, పద్నాలుగో ఎక్కం ఎందుకు కాదని అడిగాడు. అది తనకి రాదంది. "తీసుకున్నాను" అన్నాడు.

ఆరో బెడ్ అయ్యాక అతను మళ్లీ ఆ మాట అనబోతుంటే ఆమె ఆపింది. ఏడో బెడ్ మిగిలి ఉందంది. అక్కడ ఉన్నవి ఆరే బెడ్లు. ఆరో బెడ్ అవతల కిటికీ, కిటికీ అవతల వాన. ఆమె ఆ కిటికీ వైపు తిరిగి, మొహంలో ఏ మార్పూ లేకుండా అప్పగించడం మొదలుపెట్టింది. ఏడో బెడ్, గాడిద, మగది, వయసు తెలియదు, కొండదారిలో అడ్డంగా పడుకుని ఒక పూటంతా తన బస్సుని ఆపేసింది, బెల్లం పెట్టినా లేవలేదు, చివరికి డ్రైవరు పాట పాడితే విసుగుపుట్టి లేచి వెళ్లిపోయింది. ప్రస్తుతం పరిస్థితి నిలకడగా ఉంది.

అతను నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు. ఎక్కే డాక్టరు ఏమీ అనకపోతే తాను కోటు విప్పలేనని ఆమె గుర్తు చేసింది. గాడిదని కూడా తీసుకోక తప్పలేదు.

ఆ రోజు నుంచి ఏడో బెడ్ ఖాళీగా లేదు. ఆమె పొద్దున్నే దీవులూ ఎడారులూ అప్పగించేది. సాయంత్రం అప్పగించడానికి అతని దగ్గర అంత గొప్పవేవీ ఉండేవి కావు. అతనూ అమ్మా ఇద్దరే ఉంటారు. కింద అమ్మ టైలరింగ్ షాపు, వెనక వాళ్ల కాపురం, మేడ మీద ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న గది. కాబట్టి అతను షాపు సంగతులు చెప్పేవాడు. కొలతలిచ్చాక రెండు కిలోలు పెరిగి, బట్ట కుదించిందని పోట్లాడిన ఆవిడ సంగతి, అమ్మ ఆవిడని ఆస్పత్రి తూనిక మీదికి ఎక్కించమని తనని పిలిచిన సంగతి. ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. ఇన్ని ఊళ్లు తిరిగాను కానీ ఇలాంటి అమ్మని ఎక్కడా చూడలేదనేది.

నెలన్నర ప్రయాణానికి ఆమె మొదటిసారి వెళ్లినప్పుడు క్యాజువాలిటీలో ఏ మార్పూ లేదు. పేషెంట్లు వస్తూనే ఉన్నారు. ఎనిమిదింటికి వేరే డాక్టరు ఆరు బెడ్లూ గడగడా అప్పగించి కోటు విప్పేసేవాడు. చార్టు డాక్టరు మాత్రం ఆరో బెడ్ దాటాక ఊరికే కిటికీ వైపు చూసేవాడు. ఏం చూస్తున్నారని పెద్ద సిస్టర్ అడిగితే వాన అనేవాడు. బయట ఎండ కాస్తుండేది.

ఆమె ఎండకి నల్లబడి తిరిగొచ్చింది. సంచి పట్టీ తెగి, తాడుతో ముడేసి ఉంది. అమ్మ కుట్టిపెడుతుందని అతనే షాపుకి దారి చెప్పాడు. ఆ తర్వాత ఆమె ఆ దారి మర్చిపోలేదు. పట్టీ కుట్టడం ఒక్క సాయంత్రం పని, కానీ గుండీ ఊడిందనీ జిప్పు బిగుసుకుందనీ ఆమె వారానికోసారి షాపులో తేలేది. అప్పుడు అతను డ్యూటీలో ఉండేవాడు కాబట్టి వాళ్లిద్దరి కబుర్లేమిటో అతనికి తెలిసేది కాదు.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఒక్క విషయంలో ఆమెకి అతను అంతుపట్టలేదు. ఆమెకి డ్యూటీ లేని ఒక సాయంత్రం కుండపోతగా వాన పడుతుంటే ఆస్పత్రి కారు అతని వీధి మీదుగానే వెళ్తోంది. ఆమె కూడా ఏవో మందుల కోసం అదే కారులో వెళ్తూ తలుపు తెరిచి ఎక్కమంది. అతను ఒక్కడుగు ముందుకి వేసి, రెండడుగులు వెనక్కి వేసి, నడవడం ఆరోగ్యానికి మంచిదని చెప్పి వానలోకి నడిచాడు. అంబులెన్సులో పేషెంటుతో పెద్దాస్పత్రికి వెళ్లాల్సి వచ్చినా ఎప్పుడూ వేరే డాక్టర్నే పంపేవాడు. మీకు ఎక్కడికైనా వెళ్లాలని అనిపించదా అని ఆమె ఒకసారి అడిగితే, అమ్మ ఒక్కతే ఉంటుంది కదా అని నీళ్లు నమిలాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

అసలు పొరపాటు ఆ తర్వాత వచ్చింది. అది చార్టు వేసేవాడు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

అప్పటికి ఒక డాక్టరమ్మ పురిటి సెలవు మీద వెళ్లింది. క్యాజువాలిటీలో మనుషులు చాలడం లేదు. నెలాఖరున అతను పెన్సిళ్లు తీస్తుండగా ఆమె రెండు కప్పుల టీతో వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈసారి తన డ్యూటీలు అందరిలాగే వేయమంది. వారానికి నాలుగు, మధ్యమధ్య సెలవు, వరసగా వద్దు.

"మరి ప్రయాణం?" అన్నాడతను.

"ఈసారికి వద్దు."

"ఎందుకని?"

"ఊరికే" అని ఆమె అతని మొహంలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. ఇంకొకడైతే ఆ చూపుకి టీ కప్పు జారవిడిచేవాడు. చార్టు డాక్టరు మాత్రం ఆ చూపులో ఖాళీ గళ్లని చూశాడు. మనుషులు చాలడం లేదని సూపరింటెండెంటు గారు మొహమాటపెట్టి ఉంటారు, పాపం కాదనలేకపోయింది అనుకున్నాడు. కొండ మీది సరస్సు గురించి ఆమె ఎన్ని పొద్దుల నుంచో చెబుతోంది. మంచు కరిగిన కొద్ది వారాలే దానికి దారి ఉంటుందట. ఆ దారి తెరుచుకునే కాలం ఇదే. అలాంటిది మా కోసం మానుకుంటుందా అని అతని మనసు కరిగి నీరైంది. ఆమెని తను ఎంతగా ప్రేమిస్తున్నాడో అతనికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసిన వెంటనే నోరు విప్పి చెప్పాలి కదా. అతను పెన్సిలు తీసుకున్నాడు.

ఆమె పేరు పడాల్సిన గళ్లన్నిటిలో తన పేరు వేసుకున్నాడు. రాత్రీ తనే, ఆదివారమూ తనే. చార్టులో ఆమె వరసంతా రెండు నెలల పాటు తెల్లగా మిగిలింది. మర్నాడు పొద్దున ఆ చార్టు ముందు ఆమె చాలాసేపు నిలబడింది.

"ఇదేంటండీ?"

"హాయిగా వెళ్లిరండి" అన్నాడతను, తన త్యాగానికి తానే మురిసిపోతూ. "ఇక్కడి గురించి బెంగ పెట్టుకోకండి. మీరు లేకపోయినా ఏమీ ఆగదు."

"ఏమీ ఆగదా?"

"ఒక్కటి కూడా ఆగదు."

ఆమె తల ఊపి థ్యాంక్స్ చెప్పింది. ఆ రోజు అప్పగింత ఆరో బెడ్‌తో అయిపోయింది. అలసిపోయి ఉంటుందనుకున్నాడు ఆ మహానుభావుడు. మర్నాడు ఆమె సంచి వేసుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలు అతను ఆమె పనీ తన పనీ కలిపి చేశాడు. కళ్లు గుంటలు పడ్డాయి. ఒక పూట పెద్ద సిస్టర్ డ్రిప్ మారుస్తూ, సంచి డాక్టరు వచ్చే విడతకి వేరే ఆస్పత్రి చూసుకుంటానని సూపరింటెండెంటు గారితో చెప్పి వెళ్లిందట, మీకు తెలుసా అని అడిగింది. అతనికి తెలియదు. ఎందుకని అడిగాడు. అది మీరే చెప్పాలి అన్నట్టు ఆవిడ ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

ఆ మాటే తలుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి అమ్మ మేడ మెట్లు దిగుతోంది. చేతిలో కర్టెన్ల దొంతర ఉంది. కొత్తవి, నీలం రంగువి.

"ఎవరివమ్మా అవి?"

"ఆ పిల్ల కోసం కుట్టాను, మేడ గదికి. ఇక ఎందుకు, షాపులో ఎవరికైనా అమ్మేస్తాను."

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏ పిల్ల అని అడగాల్సిన పని లేదు. అమ్మే చెప్పుకొచ్చింది. ఆ అమ్మాయి వచ్చి మేడ గది అద్దెకి ఇస్తారా అని అడిగింది. ఊళ్లు తిరిగే దానివి, నీకు గది ఎందుకమ్మా అంటే, ఈసారి ఉండిపోవాలని ఉందండీ, మీ అబ్బాయికి చెబుతాను, ఏమంటారో చూడాలి అంది. గోడలకి ఏ రంగు బాగుంటుందో కూడా మాట్లాడుకున్నారు. నాలుగు రోజులు పోయాక మళ్లీ వచ్చి, గది వద్దులెండి, మీ అబ్బాయికి ఇష్టం లేనట్టుంది అని చెప్పి, కుట్టుకూలి ఇవ్వబోయింది.

"నువ్వేం చేశావురా?" అంది అమ్మ.

"చార్టు వేశాను."

అమ్మ ఆ కర్టెన్ల దొంతరతోనే అతని నెత్తి మీద ఒక్కటి వేసింది. తర్వాత పక్కన కూర్చుంది. తనని చూసుకోవడం కోసం కొడుకు ఊరు దాటడని ఆ పిల్ల చెప్పిందట. అలా అని ఎవరు చెప్పారని నిలదీసింది. షాపుకి వచ్చేవాళ్లతో కబుర్లు, మధ్యాహ్నం నిద్ర, ఇద్దరు అసిస్టెంట్లు, తనకేం తక్కువని అడిగింది.

"బస్సెక్కితే వాంతులమ్మా" అన్నాడతను తల దించుకుని. "కారైనా అంతే. డాక్టర్ని అయ్యుండి ఆ అమ్మాయితో ఎలా చెప్పను? ఎడారులు దాటిన మనిషి."

"స్కూలు బస్సులో నీ పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు, నాకు తెలియదా" అంది అమ్మ మెత్తబడి. "దానికి నా పేరెందుకురా వాడుకున్నావు? వెళ్లి వాంతి చేసుకునైనా సరే, ఆ పిల్లతో నిజం చెప్పిరా."

ఆ వారం ఆస్పత్రిలో వింత జరిగింది. ఇన్నాళ్లూ అందరికీ సెలవులిచ్చిన చార్టు డాక్టరు తనకి సెలవు కావాలన్నాడు. అడగడం అలవాటు లేక మాట తడబడింది. అతను ఆదుకోని డాక్టరు అక్కడ ఒక్కరూ లేరు కాబట్టి పెద్ద సిస్టర్ అందరినీ వరసగా నిలబెట్టి తలా రెండు డ్యూటీలు పంచేసింది. ఆమె ఎక్కడుందో కూడా సిస్టరే ఫోను చేసి కనుక్కుని చెప్పింది. సరస్సు కింద కొండ ఊళ్లో ఉంది, వానకి దారి మూసేశారు, పైకి వెళ్లలేక అక్కడే సత్రంలో కూర్చుంది. వెళ్లేముందు అతను ఒక కొత్త రకం చార్టు వేసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, ఇదెక్కడి పద్ధతయ్యా అన్నారు. సంచి డాక్టరు పద్ధతే సార్, ఆవిడొక్కరికే ఎందుకని అందరికీ వేశాను అన్నాడు. ఇద్దరిద్దరు జంటగా రెండు నెలలు గట్టిగా పని, తర్వాత ఆ జంటకి నెల సెలవు, ఆ నెలలో ఇంకో జంట. పురిటి సెలవు నుంచి వచ్చే డాక్టరమ్మకి బిడ్డతో గడపడానికి పెద్ద విడత దొరుకుతుంది. సూపరింటెండెంటు గారు చాలాసేపు వేళ్లతో లెక్కపెట్టి, తనకి కూడా ఒక విడత వస్తుందని గ్రహించాక సంతకం పెట్టారు.

బస్సు ప్రయాణం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మాత్ర వేసుకున్నాడు. మొదటి మలుపులోనే ఆ మాత్ర బయటికొచ్చేసింది. ఆ తర్వాత కొండదారి అంతా మలుపులే. పక్క సీటు ముసలాయన ముందు జాలిపడి, తర్వాత భయపడి, చివరికి లేచి నిలబడే ప్రయాణం చేశాడు. ప్రతి మలుపులోనూ దిగిపోదామా అనుకున్నాడు మన డాక్టరు. దిగితే వెనక్కి వెళ్లడానికైనా ఇదే బస్సెక్కాలి కదా అని కూర్చున్నాడు.

సత్రం వరండాలో ఆమె గోడకి ఆనుకుని వాన చూస్తోంది. మెట్లెక్కి వస్తున్న మనిషిని ముందు గుర్తుపట్టలేదు. మెడ దాకా గుండీలు పెట్టిన వానకోటు, నీళ్లు కారుతున్న జుట్టు, భుజాన కొత్త సంచి, పాలిపోయిన మొహం. గుర్తుపట్టగానే లేచి నిలబడింది.

"మీరా? ఇక్కడికెలా వచ్చారు?"

"బస్సులో" అన్నాడు. అని వరండా స్తంభం పట్టుకున్నాడు.

మూడో ప్రశ్న అవసరం రాలేదు. ఆమె గబగబా అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, నాడి పట్టుకుని చూసి, ఎన్నిసార్లని అడిగింది. లెక్క తప్పిందన్నాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తెచ్చి చిన్న చిన్న గుక్కలుగా తాగించింది. ఆస్పత్రి కారు ఎందుకు ఎక్కలేదో, అంబులెన్సు ఎందుకు ఎక్కలేదో ఒకటొకటిగా ఆమెకి అర్థమవుతుంటే నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. కోపం ఇంకా మిగిలే ఉంది.

"ఏమీ ఆగదన్నారుగా, ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"పొరపాటు చార్టు వేశాను. మీరు మొహమాటానికి ఉంటానన్నారనుకున్నాను. సరస్సు చూడాలని ఉంది కదా, మీకోసమే ఖాళీ చేశాను. మేడ గది సంగతి అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. నిజంగా ఎందుకు ఉండిపోవాలనుకున్నారు?"

వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆమె ఇంకో బల్ల కాస్త జరుపుకుని కూర్చుంది.

"పోయినసారి దీవిలో ఉన్నాను. చాలా బాగుంది. కానీ పొద్దున ఎనిమిదయ్యేసరికి ఎవరికైనా అప్పగించాలనిపించేది. ఇంత సముద్రం చూశాను, తీసుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఇదివరకు అలా ఎప్పుడూ లేదు. తిరగడం మానాలని లేదు నాకు, ఇప్పటికీ లేదు. అయినా మీ కిటికీ దగ్గర నిలబడి చెప్పకపోతే చూసినట్టే ఉండటం లేదు. అందుకని ఈసారి మానేద్దామనుకున్నాను. మీరేమో దారి చూపించి పంపేశారు."

ఆ మాట అని ఆమె మొహం వాన వైపు తిప్పుకుంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పాల్సిన మాటలు బస్సులో ఎన్నో అనుకున్నాడు, అవన్నీ మలుపుల్లోనే పోయాయి. తనకి బాగా వచ్చిన పద్ధతి ఒక్కటే మిగిలింది. స్తంభం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏడో బెడ్" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"మగవాడు, ముప్పై రెండేళ్లు. బస్సు పడదు, కారు పడదు. రైలు పర్లేదు. పడవ సంగతి ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి అమ్మ మీద నెట్టాడు. తెలివి తక్కువ, చార్టు వేసేటప్పుడు మరీ తక్కువ. సంచి డాక్టర్ని ప్రేమిస్తున్నాడు. ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేడు, గాడిద దగ్గర మొదలై ఉంటుంది."

నవ్వో ఏడుపో తేలకముందే ఆమె చేత్తో నోరు మూసుకుంది. అయినా డాక్టరు కదా, అడగాల్సినవి అడక్కుండా తీసుకునే రకం కాదు.

"ఇప్పటిదాకా చేసిన వైద్యం?"

"వాళ్లమ్మ నెత్తి మీద కర్టెన్లతో కొట్టింది. ఈ సంచి కూడా ఆవిడే కుట్టి పంపింది, మీ సంచి పట్టీకి తెచ్చిన గుడ్డ మిగిలితే. కర్టెన్లు అమ్మడం మానేసింది."

"చేయాల్సిన వైద్యం?"

"రెండు నెలలు క్యాజువాలిటీ, ఒక నెల ప్రయాణం. ఇద్దరికీ ఒకే విడత. సూపరింటెండెంటు గారు సంతకం పెట్టేశారు. మీరు మానుకోవాల్సింది ఏమీ లేదు. మేడ గదిలో సంచి మాత్రం పూర్తిగా విప్పాలి."

"అంటే ఆ రెండు నెలలూ ఒకరు పగలు, ఒకరు రాత్రి. మనం కలిసేది ఎనిమిదింటికేనా?"

"రోజుకి రెండుసార్లు ఎనిమిదవుతుంది కదండీ."

ఇక ఆమె నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సరస్సు దారి ఎల్లుండి తెరుస్తారట, నడిచే వెళ్లాలి, బస్సు లేదని చెప్పింది. నడక ఆరోగ్యానికి మంచిదని అతనన్నాడు. అతని వానకోటు అంచుల నుంచి వరండా నేల మీదికి నీళ్లు కారుతున్నాయి. చలికి అతని పళ్లు టకటకలాడుతున్నా, కోటు మీద చెయ్యి వేయకుండా అలాగే నిలబడ్డాడు. దిగే డాక్టరుకి నియమం నియమమే.

ఆమెకి ఆ సంగతి అర్థమైంది. దగ్గరికొచ్చి మెడ దగ్గరి గుండీ తనే విప్పింది.

"తీసుకున్నాను" అంది. "ఇక ఆ కోటు విప్పు, తడిసిపోయావు."